కొత్తోళ్లకు కాదు

కొత్తోళ్లకు నేనిది చెప్పను.
వాళ్లకు పచ్చీసు ఉంది, క్యారమ్ బోర్డు ఉంది,
గంటల గెలిచి ఇంటికి పోవచ్చు.

మీకు చెప్తున్న.
మంచు దేశాల మూడు దండ్లు పోగొట్టుకొని
పొద్దుగాల పాల ప్యాకెట్ పట్టుకొని
దొంగల్లెక్క ఇల్లు చేరినోళ్లు మీరు.
పాచికలను తిట్టుడు మానేసి
ఎడ్లబండ్లు లెక్కపెట్టుడు నేర్చినోళ్లు.

పెట్టె బరువు ఏడు కిలోలు.
కాజీపేట పార్సిల్ ఆఫీసుల తూకమేసి చెప్పిండు నర్సింగం,
కాంటా ఎక్కనిదాన్ని ఆయన నమ్మడు.
హన్మకొండ చౌరస్తాల, సైకిల్ సామాన్ల దుకాణం మీది అర్రల
పటం పరిస్తే నిలవడ జాగ లేదు.
గోదావరి తలుపు కాడ, కృష్ణ మంచం కింద.
నడుమ ఓరుగల్లు, బొటనవేలు కింద దాగేటంత.
చుట్టూ రెండు గీతలు:
లోపల రాతికోట, బయట మట్టికోట.

నియమాల పుస్తకం నూట పన్నెండు పేజీలు.
చదవకుండ రాకుండ్రి.
నలభై ఒకటో పేజీ రెండుసార్లు చదువుండ్రి:
రాసిన ఆజ్ఞ వెనక్కి రాదు.
చీటీ రాసి డబ్బాల వేస్తవు,
వేగు గుర్రం మూడు వంతులు తిరిగి చేరుతది.
అప్పటికి నువ్వు చెప్పిన తావుల శత్రువుండడు.
నీ సేన మాత్రం పోతది,
నీ మాట మీద గౌరవంతోటి.

ఏనుగులను చూసి మురవకుండ్రి.
కొనుడు అల్కగ, మేపుడే కష్టం.
యాకూబ్ మొదటిసారి నలభైటితో దిగిండు.
ఆషాఢం దాటకముందే
రెండు పుట్ల జొన్నలు బదులడుగుతూ
నా సరిహద్దుల నిలవడ్డడు.
ఇచ్చిన. మిత్తికి.

ఈ ఆటల ఐదో మనిషి వాన.
మా వాన స్వరూప,
ఇరవై ఏండ్లు తూముల కాడ నిలవడ్డ ఇరిగేషన్ ఇంజినీరు.
ఆమెకు జెండా లేదు, కోట లేదు,
చేతిల పద్దెనిమిది ముక్కలు, మొఖంల ఏమీ లేదు.
మృగశిరల ఒక ముక్క దించింది,
నల్లరేగట్ల నా బండ్లు ఇరుసు దాక దిగబడ్డయి.
ఇంకోటి దించింది, చెరువు కట్ట తెగింది.
"ఇదేం న్యాయం" అన్న.
"ఆ కట్టకు మూడేండ్ల సంది పైస పెట్టలే నువ్వు,
పద్దు చూస్కో" అన్నది.
చూసిన.
పెట్టలే.

వంకలు లేవని కాదు.
ట్యూబులైటు కింద ఆకుపచ్చ, నీలం ఒక్కతీరు కనవడ్తయి.
ఓడల వర్తకం రాసినాయన సముద్రం చూసినట్టు లేడు.
పన్నుల లెక్క తేలేసరికి చాయ్ మూడుసార్లు చల్లారుతది.
పదకొండు బిళ్లలు తక్కువచ్చినయి,
చింతగింజలు పెట్టుకున్నం.
నర్సింగం చింతగింజల రౌతులు
ఇప్పటిదాక ఓడలే.

మూడోసారి కోట పోయిన రాత్రి నిద్ర పట్టలే.
తెల్లారకముందే బండి తీసి
శంభునిపేట దిక్కు నుంచి మట్టికోట కాడికి పోయిన.
పటం మీద అరవేలు.
నడిస్తే పదకొండు నిమిషాలు, ఖాళీ చేతులతోటి.
కట్ట మీద ఎవలదో మక్కజొన్న,
కందకంల ఒకాయన బర్రెను కడుగుతున్నడు.
అడుగులు లెక్కపెట్టుకుంట అటిటు తిరుగుతుంటే
"ఏం పోయింది సారూ?" అనడిగిండు.
ఏనుగులు అనబోయి
ఊకున్న.

ఆదివారం పగటాల్లకు రాండ్రి.
పటం తీయలేదు, దుప్పటి కప్పి పెట్టినం.
ఓదెలుకు రామగుండం బదిలీ అయ్యింది,
తూర్పు గద్దె ఖాళీ.
ఖజానల ఏమీ లేదు, ముందే చెప్తున్న.
రెండు చెరువులు కారుతున్నయి,
యాకూబ్ మీకు కూడ బాకీ.
ఇంకో సంగతి,
ఓదెలు రాసిన ఆఖరి చీటీ ఒకటి
ఇంక తొవ్వలనే ఉన్నది.
ఏం రాసినవురా అంటే ఫోన్ల నవ్విండు.

అది వచ్చే వంతుకు చేరుతది.